సీలు వేసిన రాకెట్

సాయంత్రం ఏడైతే మా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ఫ్యాన్ తిరగకూడదు. ఫ్రిజ్ గుర్రుమనకూడదు. మా అత్తయ్య దగ్గకూడదు, దగ్గు ఆగకపోతే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వరండాలోకి పోవాలి. ఎవరో పోయారనుకునేరు, అదేం కాదు. ఆ వేళకి మా ఆయన నా టెన్నిస్ రాకెట్ తీగలు ఎంత బిగువుగా ఉన్నాయో కొలుస్తాడు.

ఆయన ఆడడు, ఆ సంగతి ముందే చెప్పాలి. తాళంచెవి విసిరితే చేత్తో కాకుండా నుదుటితో పట్టుకునే రకం. ఆడేది నేను. పెళ్లయ్యాక పదేళ్లపాటు ఇల్లూ ఉద్యోగమూ తప్ప ఇంకో ధ్యాస లేకుండా బతికి, ఒకరోజు క్లబ్బు కోర్టులోకి ఊరికే తొంగిచూసి, అక్కడే అతుక్కుపోయాను. లైబ్రరీలో పనిచేసే ఒక అక్క నన్ను జతగా కలుపుకుంది. అందరూ ఆమెను లైబ్రరీ అక్క అనే పిలుస్తారు. కోర్టులో కూడా గట్టిగా మాట్లాడదు, అరవాల్సినంత మాటను కళ్లతో చెబుతుంది. మేమిద్దరం కలిసి డబుల్స్ ఆడుతుంటే నాకు వేరే లోకం గుర్తుండదు. ఈ ప్రపంచంలో నాది అని చెప్పుకోవడానికి నాకున్నది ఆ ఆట ఒక్కటే.

మా ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్. ఆయన బజారులో జీపు దిగితే దుకాణాల్లో త్రాసులన్నీ ఒళ్లు దగ్గర పెట్టుకుని నిలబడతాయి. ఆయన దగ్గర మెత్తటి గుడ్డ పరిచిన పెట్టెలో ఇత్తడి గుండ్లుంటాయి. వాటిని చేత్తో ముట్టుకోడు, పట్టకారుతో తీస్తాడు. వేలిచెమట అంటినా బరువు మారుతుందట. ఏడాదికోసారి వాటిని పై ఆఫీసుకు తీసుకెళ్లి సరిచూయించుకొస్తాడు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. నన్ను మా పుట్టింటికి తీసుకెళ్లేటప్పుడు మాత్రం ఏ చొక్కా దొరికితే అదే.

నేను కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్షిస్తాను. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు ఒక అద్దం వేసి 'ఇది బాగుందా?' అంటాను. దాన్ని తీసి ఇంకోటి వేసి 'అది బాగుందా?' అంటాను. వాళ్లు చెప్పినదాన్నిబట్టి అద్దం తేలుస్తాను. మా ఆయన ఒకసారి షాపుకొచ్చి ఇదంతా చూసి, ఇంటికొచ్చాక నవ్వాడు.

"మనిషిని అడిగి తేల్చేది కూడా ఒక కొలతేనా? కబుర్లు చెప్పుకుంటున్నారు మీరు" అన్నాడు.

అంత తెలిసి కూడా ఒకరోజు అన్నం తింటూ నోరు జారాను.

"రాకెట్ తీగలు కాస్త వదులైనట్టున్నాయండీ. గట్టింగ్ వేయించాలి" అన్నాను. తీగలు కొత్తవి వేసి బిగించడాన్ని ఆడేవాళ్లంతా గట్టింగ్ అంటారు.

ఆయన ముద్ద కంచంలోనే ఆగిపోయింది. "ఎంత వదులు?"

"ఎంతో నాకేం తెలుసు. చేతికి అలా అనిపిస్తోంది."

"అనిపించడం కొలత కాదు" అన్నాడు. ఆ రోజుతో నా రాకెట్ నా చెయ్యి దాటిపోయింది.

మొదట రెండు కుర్చీల మధ్య రాకెట్‌ను పడుకోబెట్టి, తీగల మీద ఇనప గుండు పెట్టి, తీగలు ఎంత కుంగాయో స్కేలుతో కొలవబోయాడు. గుండు దొర్లి కింద పడి గచ్చు పగిలింది. పక్కనే కూర్చున్న మా అత్తయ్య కాలు ఒక్క క్షణం ముందు వెనక్కి తీసుకుంది కాబట్టి ఆవిడ ఈరోజు నడుస్తోంది. తర్వాత ఎవరో చెప్పారని ఫోన్‌లో ఏదో పెట్టించుకొచ్చాడు. పెన్సిల్‌తో తీగల మీద కొడితే టంగుమంటుంది కదా, ఆ మోతను ఫోన్ వింటుంది. తీగ బిగిసి ఉంటే మోత సన్నగా వస్తుంది, వదులైతే మొద్దుగా వస్తుంది. దాన్నిబట్టి బిగువు ఇన్ని పౌండ్లని ఫోన్ చెబుతుంది. మొదటిరోజు అది మా ఫ్యాన్ మోత విని తొమ్మిది పౌండ్లంది. మా అత్తయ్య దగ్గు విని ఎనభై అంది.

"నా దగ్గులో అంత బిగువుందా" అని ఆవిడ మురిసిపోయింది. ఆ మురిపెం ఎంతోసేపు లేదు, మర్నాటి నుంచి ఏడింటికి ఇంట్లో మౌనవ్రతం మొదలైంది. ఫ్రిజ్ ఆపడం ఆయనకు గుర్తుండేది, మళ్లీ వేయడం గుర్తుండేది కాదు. పాలు విరిగిపోతే, "పాలదేముంది, రీడింగ్ చక్కగా వచ్చింది" అనేవాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒకరోజు నా రాకెట్ లాంటిదే ఇంకో రాకెట్ కొనుక్కొచ్చాడు. అచ్చం అదే, రంగుతో సహా. చిన్నపిల్లలా సంబరపడిపోయాను. ఆడేవాళ్లకు రెండో రాకెట్ ఉండాలి, మ్యాచ్ మధ్యలో తీగ తెగితే దిక్కుతోచదు. లైబ్రరీ అక్క దగ్గర ఎప్పుడూ రెండుంటాయి. నా గురించి ఈయన ఇంత ఆలోచించాడే అని కళ్లు చెమర్చాయి కూడా. చెయ్యి చాపాను.

"ముట్టుకోకు" అన్నాడు.

దానికి సరిగ్గా యాభైరెండు పౌండ్ల బిగువుతో గట్టింగ్ వేయించాడట. పిడికీ చట్రానికీ కలిపి సన్నతీగ చుట్టి, దానికి సీసపు బిళ్ల తగిలించి, ఆఫీసులో త్రాసులకు వేసినట్టు సీలు నొక్కాడు. తీసుకెళ్లి అద్దాల బీరువాలో నిలబెట్టాడు. అక్కడున్న మా పెళ్లి ఫొటో కొంచెం పక్కకు జరిగింది.

"ఇది ఆడటానికి కాదు. ఇది ప్రమాణం" అన్నాడు. "ఫోన్‌ను గుడ్డిగా నమ్మడానికి లేదు. ముందు దీన్ని కొట్టి ఫోన్‌ను సరిచేయాలి, తర్వాత నీది కొట్టాలి."

"మరి నా తీగ తెగితే ఏం చేయను?"

"ప్రమాణాన్ని వాడితే అరుగుతుంది. అరిగితే అది ప్రమాణం ఎలా అవుతుంది?"

మా అత్తయ్య మంచం మీద నుంచి అడిగింది. "ఆడని రాకెట్ ఎందుకురా ఇంట్లో?"

"ఆడే రాకెట్‌ను సరిచూడటానికమ్మా."

"ఓహో. నువ్వూ అందుకేనన్నమాట" అంది ఆవిడ. ఆ మాట ఆయన చెవికెక్కలేదు. నాకు మాత్రం బాగా ఎక్కింది.

ఇక రోజూ అదే తంతు. బీరువా తెరిచి, ప్రమాణాన్ని మెత్తటి గుడ్డతో పట్టుకుని బయటికి తీసి, పెన్సిల్‌తో టంగుమనిపించేవాడు. కొన్నాళ్లకు ఫోన్ యాభైరెండుకు బదులు యాభై చూపించింది. "ఫోన్ జారింది" అని తిట్టి, సెట్టింగులోకి వెళ్లి దాన్ని మళ్లీ యాభైరెండుకు ఎక్కించాడు. ఆ ఎక్కించిన ఫోన్‌తో నా రాకెట్ కొలిస్తే యాభైనాలుగు వచ్చింది. "నీది మరీ బిగువు. వదులు చేయించు" అన్నాడు. చేయించాను. మళ్లీ కొన్నాళ్లకు ఫోన్ జారింది, మళ్లీ ఎక్కించాడు, మళ్లీ నాది బిగువైంది, మళ్లీ వదులు చేయించాను. ఒకసారి ఆయనకు విసుగొచ్చి కొత్త ఫోన్ కొన్నాడు. పెట్టెలోంచి తీసి ప్రమాణాన్ని కొడితే అది నలభైఆరంది.

"చూశావా, నిన్నగాక మొన్న పుట్టింది. దీనికీ ఆరు పౌండ్ల అబద్ధం" అన్నాడు. "ఈ కాలం ఫోన్లకు నీతి లేదు."

గట్టింగ్ వేసే అతను ఒకసారి రాకెట్ తిప్పి చూసి, "ఇంత వదులుగానా మేడమ్" అన్నాడు.

"సార్ చెప్పారు" అన్నాను.

అతని బావమరిదికి బజారులో కూరగాయల కొట్టుంది. "సార్ చెప్తే ఇంకేం, అదే కరెక్టు" అని మారుమాట లేకుండా వేసిచ్చాడు.

తీగలు వదులైతే ఏమవుతుందో ఆడేవాళ్లకు తెలుసు. బంతి మన మాట వినదు, తగలగానే ఎగిరి గీత దాటి ఎక్కడో పడుతుంది. నా బంతులన్నీ అలాగే పోవడం మొదలుపెట్టాయి. ఇదివరకు కళ్లు మూసుకుని మూలకు వేసిన షాట్లు ఇప్పుడు వెనక కంచెకు తగులుతున్నాయి. ఎదుటి జట్టు వాళ్లు నా వైపు బంతి రాగానే రాకెట్లు దించేసి, అది బయటికి పోవడం నింపాదిగా చూసేవాళ్లు. ఒళ్లు మండిపోయేది.

"చేతికి వదులుగా ఉందండీ" అని ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో.

"రీడింగ్ ప్రకారం అది ప్రమాణానికి సరిగ్గా సరిపోయింది" అన్నాడు ఆఖరిసారి. "రాకెట్‌లో లోపం లేదు. లోపం నీ చేతిలో ఉంది."

ఎంత మామూలుగా అన్నాడంటే, ఏ కొట్టువాడితోనో త్రాసు గురించి అన్నట్టే అన్నాడు. కోపంతో అనుంటే నయం. నేను నమ్మేశాను చూడండి, అదీ నా తెలివి. నలుగురి చూపూ సరిచేసే దాన్ని, నా చెయ్యి చెప్పింది నమ్మడం మానేసి ఫోన్ చెప్పింది నమ్మాను. అద్దం ముందు నిలబడి మణికట్టు ఇటు తిప్పి, అటు తిప్పి, ఎక్కడ చెడిపోయిందా అని వెతుక్కున్నాను. స్నానాలగదిలో కుళాయి తిప్పి పెట్టి ఏడ్చాను. వయసైపోయింది, ఇక ఆట నా వల్ల కాదు అనుకున్నాను.

లైబ్రరీ అక్క ఓపిక కూడా అయిపోయింది. ఒకరోజు ఆట అయ్యాక బెంచీ మీద నా పక్కన కూర్చుని నీళ్లసీసా మూత చాలాసేపు బిగించింది.

"ఆదివారం సెమీఫైనల్ ఆడదాం" అంది. "ఆ తర్వాత నేను ఇంకెవరితోనైనా ఆడి చూస్తాను. నీ మీద కోపం కాదు. నాకూ గెలవాలని ఉంటుంది కదా."

తల ఊపాను.

ఆదివారం మా ఆయన కూడా కోర్టుకు వచ్చాడు. నన్ను చూడటానికి అనుకుని ఒక్క నిమిషం పొంగిపోయాను. చంకలో ప్రమాణం ఉంది. ఎండలో తీగలు ఎలా ఉంటాయో ఇంట్లో తెలీదట, అందుకని అక్కడికక్కడే కొలుస్తాడట. కోర్టు పక్కన గట్టు మీద తుండుగుడ్డ పరిచి, దాని మీద ఆ రాకెట్‌ను పడుకోబెట్టి, ఎండ తగలకుండా గొడుగు పట్టాడు. నేను ఎండలో ఆడాను.

మొదటి సెట్ పోయింది. పోవడమంటే అలా ఇలా కాదు, నా చేతుల మీదుగా పోయింది. బంతులు వేసినవి వేసినట్టు బయట పడుతుంటే లైబ్రరీ అక్క నా వైపు చూడటం కూడా మానేసింది. తిట్టినా బాగుండేది. రెండో సెట్ మొదట్లోనే, నెట్ దగ్గర బంతిని అడ్డుకోబోతే ఫట్‌మని చప్పుడైంది. నా రాకెట్ మధ్య తీగ తెగి వేలాడుతోంది.

గట్టు దగ్గరికి పరుగెత్తాను. "ఏవండీ, అదివ్వండి."

"ఏది?"

"మీ పక్కన పడుకుని ఉన్నదే."

ఆయన గొడుగు ఇంకొంచెం దాని మీదికి వంచాడు. "సీలుంది."

"తెంపండి."

"తెంపితే ఇన్ని నెలల రీడింగులకు ఆధారం ఉండదు. ఒక్క మ్యాచ్ కోసం ప్రమాణాన్ని పాడుచేసుకుంటామా? నువ్వే ఆలోచించు."

నేను ఆలోచించాను. కాపురం మొత్తం ఆ ఒక్క నిమిషంలో ఆలోచించాను. నా చేతిలో తెగిన రాకెట్ ఉంది, ఎదురుగా నా మొగుడు ఇంకో రాకెట్‌కు గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. అంపైర్ గడియారం చూస్తున్నాడు.

వెనక నుంచి లైబ్రరీ అక్క వచ్చి తన రెండో రాకెట్ నా చేతిలో పెట్టింది. "ఇది తీసుకో. పద" అంది. ఆయన వైపు చూసి, "మరిదిగారూ, గొడుగు జాగ్రత్త" అంది.

ఆ రాకెట్‌తో మొదటి బంతి కొట్టగానే నా చెయ్యి గుర్తుపట్టింది. బంతి తగిలి, తీగల మీద ఒక్క క్షణం ఆగి, నేను ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయింది. గీత లోపల, మూలలో పడింది. ఊరికే అలా పడిందేమో అనుకున్నాను. రెండోదీ అలాగే పడింది. ఎదుటివాళ్లు అలవాటుగా రాకెట్లు దించేసి నిలబడ్డారు, బంతి వాళ్ల కాళ్ల పక్కనే పడి వెళ్లిపోయింది. అప్పుడు నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నా చెయ్యి చెడిపోలేదు. ఎక్కడికీ పోలేదు. ఇన్నాళ్లూ అది నిజమే చెబుతోంది, వినే దిక్కు లేకపోయింది.

రెండో సెట్ మాది. మూడోదీ మాదే. ఆఖరి బంతి అయ్యాక లైబ్రరీ అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "నేను అన్న మాట మర్చిపో" అంది. నాకు అంతకంటే ఏం కావాలి?

గట్టు దగ్గరికి వచ్చేసరికి మా ఆయన ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. గెలిచారా అని అడగలేదు. నా చేతిలోని రాకెట్ తీసుకున్నాడు. పద్ధతి ప్రకారం ముందు ప్రమాణాన్ని కొట్టాడు, ఫోన్‌ను యాభైరెండుకు ఎక్కించాడు. తర్వాత అక్క రాకెట్‌ను కొట్టాడు. చూసి పెదవి విరిచాడు.

"అరవై. చాలా ఎక్కువ. దీంతో ఎవరూ ఆడలేరు" అన్నాడు.

నేనూ అక్కా మొహాలు మొహాలు చూసుకున్నాం.

"మొన్ననే యాభైరెండుకు వేయించాను మరిదిగారూ" అంది అక్క.

"అయితే గట్టింగ్ వేసినవాడు మోసం చేశాడు."

"పాత ఫోన్ అబద్ధం, కొత్త ఫోన్ అబద్ధం, గట్టింగ్ వేసినవాడు మోసం, నా చేతిలో లోపం" అన్నాను. "మరి నిజం ఏదండీ?"

ఆయన ప్రమాణం వైపు చూపించాడు. నేను వంగి, ఆయన ఆపేలోగా, దాని తీగల మీద అరచెయ్యి పెట్టి నొక్కాను. పాత నవారు మంచంలా కిందికి దిగిపోయింది. ఆయన మొహంలో రంగు పోయింది. తానూ చెయ్యి పెట్టి నొక్కాడు. గుడ్డ లేకుండా, ఉత్త చేత్తో.

"దీంతో ఎవరూ ఆడలేదు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు" అన్నాడు మెల్లగా.

"తీగ కదా, ఆడకపోయినా వదులవుతుంది" అంది అక్క.

"మీ ఇత్తడి గుండ్లను ఏడాదికోసారి పై ఆఫీసుకు తీసుకెళ్లి సరిచూయించుకుంటారు" అన్నాను. "దీన్ని ఎన్నడైనా సరిచూశారా?"

"దీన్ని దేంతో సరిచూస్తాం? ఇదే కదా ప్ర..."

మిగతా మాట నోట్లోనే ఉండిపోయింది. తను అన్నది తనకే వినపడినట్టుంది. గొడుగు ముడిచాడు, తుండుగుడ్డ మడిచాడు, ఆ రాకెట్‌ను ఏం చేయాలో తెలియక చేతులు మార్చుకుంటూ నిలబడ్డాడు. ఎంత కోపంగా ఉన్నా, ఆ నిలబడటం చూసి నాకు జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి మా అత్తయ్య గుమ్మంలోనే ఉంది. "గెలిచారా?"

"గెలిచామత్తయ్యా."

"మరి వీడి మొహం అలా ఉందేం?"

"అద్దాల బీరువా ఖాళీ అయింది" అన్నాను. ఆవిడకు ఏం అర్థమైందో ఏమో, లోపలికి వెళ్లి మా పెళ్లి ఫొటోను మళ్లీ మధ్యకు జరిపింది.

ఆ రాత్రి ఆయన క్షమించమంటాడేమో అని నేను ఎదురుచూశాననే అనుకోండి, అలాంటి మాట ఆయన నోట పుట్టదు. మర్నాడు ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చాడు. చేతిలో నా రాకెట్టూ, సీలు తెగిన రెండో రాకెట్టూ ఉన్నాయి. రెంటికీ కొత్త తీగలున్నాయి.

ఏడయింది. అలవాటు ప్రకారం ఫ్యాన్ ఆపాడు, ఫ్రిజ్ ఆపాడు. మా అత్తయ్య నిట్టూర్చి తువ్వాలు అందుకుంది. నేను కుర్చీలో కూర్చున్నాను. ఆయన జేబులోంచి ఫోన్ తీసి, దాని వంక చూసి, బల్ల మీద బోర్లా పెట్టేశాడు. నా రాకెట్ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది బాగుందా?" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన దాన్ని తీసుకుని రెండోది ఇచ్చాడు.

"అది బాగుందా?"

అవి నా మాటలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరెవరినో అడిగే మాటలు. నన్ను ఎవరూ ఎప్పుడూ అడగని మాటలు. తొందరపడకుండా మొదటిది మళ్లీ తీసుకుని ఊపి చూశాను, తీగల మీద అరచెయ్యి ఆనించాను, రెండోదీ అలాగే చూశాను. ఆయన కదలకుండా, మాట్లాడకుండా, నా మొహం వంకే చూస్తూ కూర్చున్నాడు. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. ఆ నిశ్శబ్దమంతా నాకోసమే.

"రెండోది బాగుంది" అన్నాను.

'బాగుంది అంటే ఎంత' అన్న ప్రశ్న ఆయన పెదాల దాకా రావడం నేను స్పష్టంగా చూశాను. ఆయన దాన్ని మింగేశాడు. మాత్ర మింగినంత కష్టంగా మింగి, తల ఊపాడు.

అప్పుడు మా అత్తయ్య తువ్వాలు తీసేసి హాయిగా, తనివితీరా దగ్గింది. ఎవరూ ఏమీ అనలేదు.